విదేశంలో అద్దె ఇల్లు: చూడకుండానే డబ్బు పంపమంటున్నారు, ఏం చేయాలి?

కొత్తబాట (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చింది, ఇంకో మూడు వారాల్లో చేరాలి. ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. నెల రోజులుగా ఇంటి కోసం వెతుకుతున్నాను. నలభైకి పైగా మెసేజ్‌లు పెడితే జవాబిచ్చింది ముగ్గురే. వాటిలో ఒక ఇల్లు చాలా బాగుంది. ఆఫీసుకు దగ్గర, రెండు గదులు, ఫర్నిచర్‌తో సహా. అద్దె కూడా చుట్టుపక్కల ఇళ్ళకంటే బాగా తక్కువ.

ఓనర్ ఎంతో మర్యాదగా రాస్తున్నారు. ఆయన పని మీద వేరే దేశంలో ఉన్నారట, అందుకని ఇల్లు చూపించడం కుదరదట. మొదటి నెల అద్దె, రెండు నెలల డిపాజిట్ పంపితే తాళంచెవులు కొరియర్‌లో వస్తాయట. నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తారట. అగ్రిమెంట్ పంపారు. పాస్‌పోర్ట్ కాపీ అడిగితే నిన్న పంపాను. రేపు సాయంత్రంలోగా డబ్బు అందకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తానంటున్నారు. ఈ ఇల్లు చేజారితే మళ్ళీ దొరుకుతుందో లేదో అని ఒకటే టెన్షన్. పంపేయనా?

పాతచిరునామా (సోమవారం, రాత్రి 9:26)

పంపొద్దండీ. దయచేసి ఇది చదివాక ఇంకో మాట ఆలోచించకండి.

ఓనర్ ఊళ్ళో లేకపోవడం, తాళాలు కొరియర్‌లో రావడం, అద్దె తక్కువగా ఉండటం, రేపటికల్లా తేల్చమనడం. ఈ నాలుగూ ఒకే చోట కలిశాయంటే అది మోసమేనని నేను నమ్ముతాను. ఇల్లు నిజంగానే ఉండొచ్చు. మీకు రాస్తున్న మనిషికి ఆ ఇంటితో ఏ సంబంధమూ లేకపోవచ్చు.

ఈ రాత్రే రెండు పనులు చేయండి. అవే ఫోటోలు ఇంకెక్కడైనా ఉన్నాయేమో ఒక్కొక్కటిగా గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. తర్వాత ఆయనకు రాయండి: "ఇంటి దగ్గర ఉన్న ఎవరితోనైనా లైవ్ వీడియో కాల్ చేయించండి. వంటగదిలో కుళాయి తిప్పి, కిటికీ తీసి వీధి చూపించి, కిందికి దిగి కాలింగ్ బెల్ పక్కన ఉన్న పేర్లు చూపించమనండి." ముందే తీసిపెట్టిన వీడియో పంపిస్తానంటే ఒప్పుకోవద్దు. నిజమైన ఓనర్‌కి ఇది పది నిమిషాల పని.

బెర్లిన్‌బండి (సోమవారం, రాత్రి 10:03)

నేను ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. పాతచిరునామా గారి మాటే నాదీ. ఒక్కటి కలుపుతాను. లైవ్ కాల్‌లో ఇల్లు కనిపించినంత మాత్రాన కూడా ధైర్యపడకూడదు. రెండు మూడు రోజులకు టూరిస్టుగా ఇల్లు తీసుకుని, తన ఇల్లేనని పదిమందికి చూపించి, అందరి దగ్గరా డిపాజిట్ వసూలు చేసుకుని మాయమయ్యేవాళ్ళు కూడా ఉన్నారు. కాబట్టి ఇల్లు ఉందా అన్నది ఒక ప్రశ్న, అద్దెకిచ్చే హక్కు ఈ మనిషికి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. రెండిటికీ జవాబు దొరకాలి.

ఇక డిపాజిట్ సంగతి. జర్మనీలో దాన్ని కౌత్సియోన్ అంటారు. సివిల్ కోడ్ 551వ సెక్షన్ ప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటెకి మించి అడగకూడదు. కాల్ట్‌మీటె అంటే హీటింగ్, నీళ్ళు వగైరా ఖర్చులు కలపని అసలు అద్దె. ఆ ఖర్చులన్నీ కలిపితే వార్మ్‌మీటె. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలాసార్లు మొదటిదే, చూసుకోండి. ఇంకా ముఖ్యమైన విషయం: ఆ డిపాజిట్‌ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. మొదటి వాయిదా కూడా అద్దె మొదలయ్యే రోజునే ఇవ్వాలి, అంతకుముందు కాదు. ఓనర్ ఆ డబ్బును తన సొంత డబ్బుతో కలపకుండా బ్యాంకులో వేరుగా ఉంచాలి. చట్టం ఇంత స్పష్టంగా ఉంటే, ఇల్లు చూడకముందే మొత్తం పంపమనడం ఏమిటి?

తొందరలోఉన్నా (సోమవారం, రాత్రి 10:31)

అందరూ వద్దంటున్నారు గానీ నా అనుభవం వేరు. నేను మరో యూరప్ నగరానికి వెళ్ళినప్పుడు చూడకుండానే డబ్బు కట్టాను, ఏమీ కాలేదు. ఈ ఊళ్ళలో ఒక ఇంటికి వందల మంది పోటీ. అనుమానిస్తూ కూర్చుంటే ఇల్లే దొరకదు. మూడు వారాల్లో చేరాల్సిన మనిషికి వేరే దారి ఏముంది?

బెర్లిన్‌బండి (సోమవారం, రాత్రి 10:48)

మీరు ఎవరికి కట్టారు? మీ కంపెనీ చూపించిన ఏజెన్సీకా, యూనివర్సిటీ హాస్టల్‌కా, లేక మెయిల్‌లో పరిచయమైన మనిషికా? తేడా అంతా అక్కడే ఉంది.

తొందరలోఉన్నా (సోమవారం, రాత్రి 10:55)

కంపెనీ హెచ్‌ఆర్ చూపించిన ఏజెన్సీకి. కార్డుతో కట్టాను, రసీదు ఇచ్చారు. నిజమే, అది వేరు, ఇది వేరు. కొత్తబాట గారూ, నా పోస్టు చూసి డబ్బు పంపకండి.

బెర్లిన్‌బండి (సోమవారం, రాత్రి 11:10)

థాంక్స్ అండి. పోటీ గురించి మీరన్నది మాత్రం అబద్ధం కాదు. అందుకే దారి చెప్తాను. మొదటి రెండు మూడు నెలలకు తాత్కాలికంగా ఒక గది తీసుకోండి. హోటల్‌లాగా కొన్నాళ్ళకు ఇచ్చే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ గానీ, నమ్మకమైన సైట్‌లో ఫర్నిష్డ్ గది గానీ. ఖర్చు ఎక్కువే అవుతుంది, మనసు ఒప్పుకోదు. కానీ మీరు ఊళ్ళో ఉండి ఇళ్ళు చూడటం వేరు, ఇంకో దేశం నుంచి మెసేజ్‌లు పెట్టడం వేరు.

తీసుకునే ముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా?" అంటే చిరునామా రిజిస్ట్రేషన్. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేసుకోవాలి. దానికి ఇల్లు ఇచ్చినవాళ్ళు సంతకం చేసిన కాగితం కావాలి, అగ్రిమెంట్ ఒక్కటే చాలదు. అది లేకపోతే ట్యాక్స్ నంబర్ దగ్గర్నుంచి ఎన్నో పనులు ఆగిపోతాయి. "రిజిస్ట్రేషన్ కుదరదు, కానీ అద్దె తక్కువ" అనేవాళ్ళ జోలికి వెళ్ళకండి. ఆ గదిని మళ్ళీ అద్దెకిచ్చే అనుమతి వాళ్ళకే లేకపోవచ్చు.

వానదేశం (మంగళవారం, ఉదయం 7:40)

ఇంగ్లండ్ నుంచి. మోసగాళ్ళ గురించి అందరూ చెప్పారు కాబట్టి నేను నిజమైన ఓనర్‌తో వచ్చిన ఇబ్బంది చెప్తాను. దీనివల్ల పోయే డబ్బు కూడా తక్కువేమీ కాదు.

నా మొదటి ఫ్లాట్‌లో పడకగది కిటికీ కింద అరచేతి వెడల్పున నల్లటి బూజు ఉండేది. దిగిన రోజే చూశాను. ఓనర్ నవ్వుతూ "పెయింట్ వేయిస్తాను" అన్నారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఫోటో తీయలేదు, మెయిల్ పెట్టలేదు. పద్నాలుగు నెలల తర్వాత ఖాళీ చేసేటప్పుడు అది మంచం తలాపి దాకా పాకింది. "కిటికీలు తీయకుండా ఉన్నారు, బట్టలు లోపల ఆరేశారు, మీవల్లే వచ్చింది" అని గోడ మొత్తానికి ఖర్చు నా డిపాజిట్‌లోంచి కోశారు. మొదటి రోజు నుంచీ ఉందని నిరూపించడానికి నా దగ్గర ఒక్క ఫోటో లేదు. ఆ రాత్రి ఫోన్‌లో పాత ఫోటోలన్నీ తిరగేశాను. గృహప్రవేశం రోజు స్నేహితులతో దిగిన ఒక ఫోటోలో, మా భుజాల వెనక, కిటికీ కింద ఆ నల్ల మచ్చ కనిపించింది. దానిమీద తేదీ ఉంది.

ఇక్కడ ఒక మంచి ఏర్పాటు ఉంది. 2007 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో మామూలు ప్రైవేట్ అద్దె ఇంటి డిపాజిట్‌ని, ప్రభుత్వం ఆమోదించిన మూడు స్కీముల్లో ఏదో ఒకదాని కింద, ఇప్పటి రూల్ ప్రకారం అందిన 30 రోజుల్లోపు, రక్షణలో పెట్టాలి. ఆ వివరాలు కాగితం మీద మనకివ్వాలి. అలా చేయకపోతే కోర్టు డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్ల దాకా ఓనర్‌తో కట్టించవచ్చు. గొడవ వస్తే, ఇద్దరూ ఒప్పుకుంటే ఆ స్కీమ్ వాళ్ళే ఉచితంగా తీర్పు చెప్తారు. వాళ్ళు ఇద్దరి దగ్గరా సాక్ష్యాలు అడిగారు. నాకు ఆ ఒక్క ఫోటో, ఓనర్‌కి ఏమీ లేదు. నా డబ్బు పూర్తిగా వచ్చింది. ఆ ఫోటో దొరక్కపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

అందుకే చెప్తున్నాను, సామాను దించకముందే ఖాళీ ఇంటిని వీడియో తీయండి. ఓవెన్ లోపల, ఫ్రిజ్ రబ్బరు, షవర్ అంచుల్లో సీలెంట్, కార్పెట్ మూలలు, పరుపు రెండు వైపులా. ఆ రాత్రే ఓనర్‌కి మెయిల్‌లో పంపండి. ఫోన్‌లో దాచుకున్న వీడియోకంటే, పంపిన మెయిల్‌కి బలం ఎక్కువ.

సిడ్నీతీరం (మంగళవారం, ఉదయం 8:15)

మాకు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఈ పని చట్టంలోనే ఉంది. ఓనర్ లేదా ఏజెంట్ నింపిన కండిషన్ రిపోర్ట్ ఇస్తారు. దాన్ని మనం చూసుకుని, మన మాట రాసి, దిగిన ఏడు రోజుల్లోపు తిరిగి ఇవ్వాలి. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని మడిచి సొరుగులో పెట్టేస్తారు, చాలా బాధేస్తుంది. డిపాజిట్‌ని ఇక్కడ బాండ్ అంటారు. నాలుగు వారాల అద్దెకు మించకూడదు, అది ఓనర్ జేబులో కాకుండా ప్రభుత్వ శాఖ దగ్గర ఉంటుంది. "నేరుగా నా అకౌంట్‌లో వేయండి, నేను కడతాను" అంటే వద్దని, ఆన్‌లైన్‌లో మీరే కట్టండి.

టొరంటోఆకు (మంగళవారం, సాయంత్రం 6:22)

దేశం మారితే రూల్స్ మొత్తం మారిపోతాయి. ఇక్కడ కెనడాలోని అంటారియోలో డ్యామేజ్ డిపాజిట్ అడగడమే చట్టవిరుద్ధం. అడ్వాన్స్‌గా చివరి నెల అద్దె మాత్రం తీసుకోవచ్చు, దాన్ని చివరి నెలకే వాడాలి. 2018 నుంచి చాలావరకు ఇళ్ళకు ప్రభుత్వం తయారుచేసిన ఒకే రకం అగ్రిమెంట్ ఫారం తప్పనిసరి. మా చెల్లెలు వచ్చిన కొత్తలో ఒక ఓనర్ సొంతంగా టైప్ చేసిన ఏడు పేజీల కాగితం ఇచ్చి, డ్యామేజ్ కింద ఇంకో నెల అద్దె అడిగారు. "స్టాండర్డ్ లీజ్ మీద రాద్దామండి" అని ఒక్క మెయిల్ పెట్టింది. ఆ అదనపు నెల మాట మళ్ళీ ఎత్తలేదు. ఎక్కడికి వెళ్తున్నా విమానం ఎక్కేముందు ఒక గంట కూర్చుని, ఆ దేశం లేదా రాష్ట్రం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అద్దెదారుల పేజీ చదవండి. కెనడాలో అయితే దేశం కాదు, రాష్ట్రం. అమెరికాలోనూ అంతే. కాలిఫోర్నియాలో ఖాళీ చేశాక 21 రోజుల్లోపు డిపాజిట్ గానీ, కోతల లెక్క గానీ ఇవ్వాలి. న్యూయార్క్‌లో 14 రోజులు.

ఎడారిగాలి (మంగళవారం, రాత్రి 8:05)

గల్ఫ్ వాళ్ళ తరఫున నేనొక మాట చెప్పాలి. దుబాయ్‌లో అగ్రిమెంట్‌ని ఎజారీలో, అంటే అద్దె ఒప్పందాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థలో, రిజిస్టర్ చేయాలి. అలా రిజిస్టర్ కాని కాగితంతో గొడవ వస్తే వాదించడం చాలా కష్టం. బెడ్ స్పేస్‌లో (పదిమంది ఉండే ఫ్లాట్‌లో ఒక్క మంచం అద్దెకు తీసుకుని) చేరే తమ్ముళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఫ్లాట్ ఒకరి పేరు మీద ఉంటుంది, ఆయన మనకిస్తాడు. ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అలా ఇస్తే, ఓనర్‌కి ఆయన్నీ మనల్నీ కూడా ఖాళీ చేయించే హక్కు ఉంది. నేను అలాగే ఒక రాత్రి సూట్‌కేస్‌తో లిఫ్ట్ దగ్గర నిలబడ్డాను. నెలంతా కట్టిన అద్దెకు చేతిలో చిన్న రసీదు కూడా లేదు. నగదు ఇవ్వాల్సి వస్తే అక్కడికక్కడే సంతకంతో రసీదు రాయించుకోండి. ఇవ్వనంటే ఆ డబ్బు మీ జేబులోనే ఉండనివ్వండి.

నలుగురింట్లో (మంగళవారం, రాత్రి 9:30)

షేరింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. మేం నలుగురం ఒకే అగ్రిమెంట్ మీద సంతకాలు పెట్టాం. "జాయింట్లీ అండ్ సెవరల్లీ" అన్న మాట అందులో ఉంది, ఎవరం పట్టించుకోలేదు. దాని అర్థం, మొత్తం అద్దెకు ప్రతి ఒక్కరూ పూర్తి బాధ్యులే. ఒకతను ఉద్యోగం మారి నడిమధ్యలో వెళ్ళిపోయాడు. అతని వాటా ఐదు నెలలు మేం ముగ్గురం కట్టాం. మనిషి మంచివాడే, స్నేహం ఇప్పటికీ ఉంది, కానీ ఆ ఐదు నెలలు ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. వీలైతే గదికో అగ్రిమెంట్ అడగండి. కుదరకపోతే, మధ్యలో వెళ్ళేవాళ్ళు తమ బదులు మనిషిని తేవాలని దిగేముందే రాసుకోండి.

కొత్తబాట (మంగళవారం, రాత్రి 11:02)

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఫోటోలు వెతికాను. హాలు, వంటగది ఫోటోలు అచ్చంగా అవే, వేరే దేశంలోని ఒక హాలిడే అపార్ట్‌మెంట్ పేజీలో ఉన్నాయి. సోఫా మీద అదే ఎర్ర దిండు, అదే వంకరగా ఉన్న లాంప్. చూడగానే చేతులు చల్లబడ్డాయి. లైవ్ కాల్ అడిగాను. "నమ్మకం లేకపోతే వదిలేయండి" అని ఒక మెయిల్ వచ్చింది, తర్వాత జవాబు లేదు.

డబ్బు పంపలేదు. కానీ పాస్‌పోర్ట్ కాపీ వాళ్ళ దగ్గర ఉండిపోయింది. నిద్ర పట్టడం లేదు. దాంతో ఏం చేస్తారు?

పాతచిరునామా (మంగళవారం, రాత్రి 11:20)

మీ డబ్బు మిగిలింది, ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తాగండి.

పాస్‌పోర్ట్ కాపీని వాళ్ళు సాధారణంగా తర్వాతి మనిషిని నమ్మించడానికి వాడతారు: "ఇదిగో నా ఐడీ, నేనే ఓనర్‌ని" అని. మీ పేరు మీద అకౌంట్లు తెరవడానికి ప్రయత్నించడం కూడా జరగొచ్చు. అందుకని ఆలస్యం చేయకండి. మెయిల్స్, ప్రకటన, అగ్రిమెంట్ అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి, ఆ సైట్‌కి రిపోర్ట్ చేయండి. సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ నంబర్ భద్రంగా దాచుకోండి. రేపు మీ పేరుతో ఏదైనా బయటపడితే, ఈ తేదీన ముందే ఫిర్యాదు చేశానని చూపించడానికి అది గట్టి ఆధారం. బ్యాంకుకి కూడా ఒక మాట చెప్పండి. జర్మనీ చేరాక కొన్నాళ్ళకు మీ షూఫా రికార్డు (అక్కడి క్రెడిట్ రికార్డు) ఒకసారి తెప్పించి చూడండి, తెలియని అకౌంట్ ఏదైనా ఉందేమో.

ఇకమీదట ఎవరికి కాపీ ఇచ్చినా దానిమీద అడ్డంగా "ఫలానా చిరునామా ఇంటి దరఖాస్తు కోసం మాత్రమే" అని, తేదీతో రాసి ఇవ్వండి. ఇల్లు చూడకముందు అసలు ఇవ్వొద్దు.

బెర్లిన్‌బండి (బుధవారం, ఉదయం 6:50)

తమ్ముడూ, ఒకటి చెప్తాను. నీకు మంచి ఇల్లు నచ్చితే చూడటానికి నేను వెళ్తాను. శనివారాలు ఖాళీనే. బెల్ మీద పేరు చూసి, పక్కింటివాళ్ళను పలకరించి వస్తాను. నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు ఇలాగే ఒకాయన వెళ్ళి చూసిపెట్టారు.

దిగే రోజు యూబర్‌గాబె ప్రోటోకోల్ అడుగు. ఇల్లు అప్పగించేటప్పుడు ఇద్దరూ సంతకం చేసే కాగితం. గది గదికీ ఏముంది, ఎక్కడ గీత పడింది, మీటర్ రీడింగ్ ఎంత, తాళంచెవులు ఎన్ని, అన్నీ అందులో రాయాలి. అర్థం కాని వాక్యం ఉంటే సంతకం పెట్టకు, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకుని నిదానంగా చదువు. ఎదుటివాళ్ళు వాచీ చూసుకుంటున్నా సరే. తాళంచెవుల లెక్క చిన్న విషయం కాదు. బిల్డింగ్ మొత్తానికి ఒకే తాళం వ్యవస్థ ఉంటే, ఒక్క చెవి పోయినా తాళాలన్నీ మార్చిన ఖర్చు మన మీద పడే అవకాశం ఉంది. అది కూడా కవర్ అయ్యే లయబిలిటీ ఇన్సూరెన్స్ (మనవల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) వచ్చిన వారంలోనే తీసుకో.

ఊళ్ళో మీటర్‌ఫెరాయిన్‌లు ఉంటాయి, అంటే అద్దెదారుల సంఘాలు. ఏడాదికి కొంత చందా కడితే వాళ్ళ లాయర్లు అగ్రిమెంట్ చదివి సలహా ఇస్తారు. నేను రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ మేలే జరిగింది.

వానదేశం (బుధవారం, ఉదయం 7:35)

ఖాళీ చేసే నోటీసు ఎన్ని నెలల ముందు ఇవ్వాలో కూడా ఇప్పుడే చూసుకోండి. ఇల్లు తీసుకునే ఉత్సాహంలో ఎవరూ అది చదవరు.

బెర్లిన్‌బండి (బుధవారం, ఉదయం 7:52)

అవునండి. జర్మనీలో మామూలు అగ్రిమెంట్ అయితే అద్దెదారుకు మూడు నెలలు. నెలలో మూడో పనిదినంలోపు చేతికి అందాలి, లేకపోతే ఇంకో నెల కలుస్తుంది. మెయిల్ చాలదు, సంతకం చేసిన ఉత్తరమే ఇవ్వాలి. గడువు పెట్టిన అగ్రిమెంట్ అయితే ఆ గడువుకు ముందు మామూలు నోటీసుతో బయటపడలేకపోవచ్చు, ఆ తేడా సంతకానికి ముందే అడగాలి.

కొత్తబాట (ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:18)

చెప్పి తీరాలని వచ్చాను. మూడు వారాలు సర్వీస్డ్ అపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. బెర్లిన్‌బండి అన్న నాతో పాటు నాలుగు ఇళ్ళకు వచ్చారు. నిన్న ఇల్లు అప్పగించారు. చిన్నదే, ఒక్క గది, మొదట నచ్చిన దానికంటే ఆఫీసుకు చాలా దూరం. కానీ బెల్ మీద ఇప్పుడు నా పేరు ఉంది. డిపాజిట్ మూడు వాయిదాలన్నాను, ఓనరమ్మ తల ఊపి రాసేశారు. గంటన్నర తిరిగి అన్నీ చూసుకున్నాం. బాల్కనీ తలుపు కింద చెక్క నేల మీద రెండు గీతలున్నాయి. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీశాను, ఆవిడే "పన్నెండు సెంటీమీటర్లు" అని కాగితం మీద రాశారు. హీటర్ మీటర్, కరెంటు మీటర్ ఫోటోలు రాత్రే మెయిల్‌లో పంపాను.

పాతచిరునామా (ఆదివారం, సాయంత్రం 5:40)

చాలా సంతోషమండీ. తాళంచెవులు ఎన్ని ఇచ్చారో రాయించారా?

కొత్తబాట (ఆదివారం, సాయంత్రం 5:44)

రాయించాను. ఇంటివి రెండు, వీధి తలుపుది ఒకటి, పోస్ట్‌బాక్స్‌ది ఒకటి. సెల్లార్‌ది ఇవ్వలేదు, "ఇవ్వలేదు" అని కూడా రాయించాను.